శనివారం నీళ్ళు

మేబెల్‌కు నీళ్ళ విలువ తెలియదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆమె కోడలిగా వచ్చి నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళుగా పారబోస్తూనే ఉంది, మామ దేవానందం చూస్తూనే ఉన్నాడు.

పారబోయడమంటే చెయ్యి జారి ఒలికించడం కాదు. పనిగట్టుకుని బిందె నడుముకెత్తుకుని, గేటు దాటి కాలువ దాకా నడిచి, వంచి పోయడం. పద్మారావు నగర్‌లో వాళ్ళ వీధికి రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. ఐదున్నరకు వచ్చి ఆరున్నరకు పోతుంది. నల్లా వచ్చే రోజు మేబెల్ ఐదింటికే లేచి ఇంట్లో ఉన్న స్టీలు బిందెలు రెండూ, రాగి బిందే, వంటింట్లో మట్టికుండా ఖాళీ చేస్తుంది. తోమి బోర్లిస్తుంది. ఆ తరవాత నల్లా కోసం కాచుకుని కూర్చుంటుంది.

"అవి పాత నీళ్ళు మామయ్యా. మొన్నటివి. ఎవరు తాగుతారు?" అంటుంది.

మెట్టుగూడలో వాళ్ళమ్మ అట్లాగే చేస్తుందట. వాళ్ళమ్మమ్మ కూడా అట్లాగే చేసేదట. కొత్త నీళ్ళు వచ్చే పూట ఇంట్లో పాత నీళ్ళు ఉండకూడదట.

"నీళ్ళకు నిన్నా మొన్నా ఏంటమ్మాయ్? మంజీర రిజర్వాయరులో ఎన్ని నెలలు నిలవున్నాయో అవి. అక్కడ మురగనివి నీ బిందెలో రెండు రోజులకే మురిగాయా?"

"మంజీర మన వంటింట్లో లేదు కదా మామయ్యా."

మాటకు మాట సిద్ధంగా ఉంటుంది. బళ్ళో మూడో తరగతికి లెక్కలు చెబుతుంది. మూడు బిందెలూ ఒక కుండా కలిపి ఎన్ని చెంబులో ఆ లెక్క మాత్రం రాదు.

కొడుకు ప్రభుదాస్‌ది ఇంకో రకం. బేగంపేటలో ఏదో ఆఫీసు, రోజూ నున్నగా గీసుకుని పోవాలి. నల్లా తిప్పి, అద్దంలో మొహం చూసుకుంటూ, గడ్డం గీయడం అయిందాకా దాన్ని అట్లాగే వదిలేస్తాడు. దేవానందం వెనకగా వచ్చి కట్టేస్తాడు. ప్రభుదాస్ నురగ మొహంతో మళ్ళీ తిప్పుతాడు. తండ్రీ కొడుకుల మధ్య పొద్దున పూట జరిగే సంభాషణ అదొక్కటే.

దేవానందానికి ఒక పద్ధతి ఉంది. స్నానానికి మనిషికి ఒక్క బకెట్టు. బకెట్టు లోపల, అంచుకు నాలుగు వేళ్ళ కింద, ఎర్ర రంగుతో గీత ఉంటుంది. లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే రోజుల్లో, ఇల్లు కట్టుకున్న ఏడాది, తనే గీశాడు. గీత దాటి పట్టకూడదు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకు. కూరలు కడిగిన నీళ్ళు ఎంగిలి గిన్నెలకు. బట్టలు జాడించిన నీళ్ళు మరుగుదొడ్డికి. అప్పటి నుంచి బకెట్లు ఎన్నో మారాయి. గీత మారలేదు.

కాంతమణి ముప్ఫై ఏళ్ళు ఆ గీత లోపల బతికింది. నడుము దాటే జుట్టు ఆమెది. ఆ జుట్టుకు కూడా అదే బకెట్టు. ఒక్కనాడు ఇంకో చెంబు అడగలేదు. ఒక్కనాడు మొహం చిట్లించలేదు. పోయిన ఏడాది ఏప్రిల్లో గుండె ఆగి పోయింది. పోయే రోజు పొద్దున కూడా బియ్యం కడుగు కరివేపాకు మొక్కకు పోసే పోయింది. అటువంటి మనిషి తిరిగిన వంటింట్లో ఇప్పుడు మేబెల్ తిరుగుతోంది.

దేవానందం రోజూ ఆ మాట అనేవాడు. మెల్లగా అనేవాడు కాదు. "మీ అత్త ఉంటే ఈ పాటికి ఏడ్చేది." "మీ అత్త ఈ నీళ్ళతో రెండు పూటలు వెళ్ళదీసేది." "మీ అత్త చెయ్యి నీకెక్కడొస్తుందిలే." మేబెల్ కొన్నిటికి జవాబు చెప్పేది. అత్త పేరు వచ్చిందంటే మాత్రం చెప్పేది కాదు. తల వంచుకుని పనిలో పడిపోయేది. జవాబు లేదు కాబట్టి చెప్పడం లేదని దేవానందం అనుకున్నాడు.

ఈ ఏప్రిల్లో ఒకనాడు పొద్దున మేబెల్ బిందెలన్నీ మామూలుగా ఖాళీ చేసింది. నల్లా రాలేదు. ఐదున్నర అయింది, ఆరున్నర అయింది, గొట్టంలోంచి గాలి కూడా రాలేదు. ఎక్కడో పైపు పగిలిందన్నారు. సంపులో అడుగున ఉన్నది బురద. పైన ట్యాంకు రాత్రే అయిపోయింది. ఇంట్లో గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు.

 మోండా మార్కెట్టు నుంచి తెచ్చిన వంకాయలు కడగకుండా గంపలో ఉన్నాయి. దేవానందం వాటిని తెచ్చి మేబెల్ ముందు పెట్టాడు. "కడుగు" అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. వీధంతా బిందెలతో బారు తీరింది. మేబెల్ బడికి సెలవు పెట్టి, రెండు బిందెలు పట్టుకుని పదమూడో మనిషిగా నిలబడింది. దేవానందం గేటు దగ్గర నుంచి చూశాడు. చూస్తుంటే అతనికి సంతోషం కలగాలి. కలగలేదు. 

అతను పుట్టింది పల్నాడులో, ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో. ఊరి బావి గట్టు వాళ్ళు ఎక్కకూడదు. అతని తల్లి కుండ కింద పెట్టుకుని గట్టు దిగువన నిలబడేది. "అమ్మా, కాస్త తోడి పోస్తారా" అని వచ్చిన వాళ్ళనల్లా అడిగేది. బుద్ధి పుడితే ఎవరో ఒకరు పైనుంచి పోసేవాళ్ళు. సగం కుండలో, సగం ఆమె కాళ్ళ మీద. మిషను బళ్ళో ఎనిమిది దాకా చదివినన్నాళ్ళూ అతను బడికి పోతూ ఆమె నిలబడి ఉండటం చూసేవాడు, వస్తూ చూసేవాడు. చాలాసార్లు కుండ అట్లాగే ఖాళీగా ఉండేది.

సికిందరాబాదు వచ్చి, ఉద్యోగం చేసి, ఇల్లు కట్టి, ముందుగా సంపు తవ్వించాడు. గోడలు తరవాత లేపాడు. నా ఇంటి ఆడది ఇంకొకరి బావి దగ్గర చెయ్యి చాచి నిలబడదు అనుకున్నాడు. ఆ గీత అందుకే. ఈ సంగతి కాంతమణికి పెళ్ళైన కొత్తలో ఒకసారి చెప్పాడు. ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు.

ఎదురింటి అనసూయమ్మ గుమ్మంలోంచి కేకేసింది. ఆమె ఆ వీధికి పాత కాపు. భర్త పోయాడు, ఇంటి వెనక బావి ఉంది.

"ఓ మేబెల్! గా లైన్ల ఏందే నీకు తక్లీఫ్? మా బాయిల మస్తు నీళ్ళున్నయ్. బిందె పట్టుకొని రా!"

మేబెల్ ఆమె వైపు చూసింది. తరవాత మామగారి వైపు చూసింది.

"మా ఇంటికి ఒకరి బావి నీళ్ళు అక్కర్లేదమ్మా" అన్నాడు దేవానందం గేటు దగ్గరనుంచే.

అనసూయమ్మ ఒక నిమిషం అతన్నే చూసింది. "గట్లనా అన్నా" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో మాట పెరిగింది. దేవానందం మొదలుపెట్టింది మామూలుగానే. మీ అత్త ఉన్నన్నాళ్ళు ఈ ఇంటి ఆడది ట్యాంకరు ముందు నిలబడలేదు, ఎవరి చేతా రమ్మని పిలిపించుకోలేదు, ఉన్నదాంట్లో సర్దుకుంది, నవ్వుతూ సర్దుకుంది అన్నాడు. మేబెల్ అన్నం వడ్డిస్తోంది. గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అత్తయ్య ఇష్టపడే చేసిందని మీకు చెప్పిందా మామయ్యా?"

"ఏంటి?"

"ఒక్క బకెట్టు చాలునని. ఆమె మీతో ఎప్పుడైనా అన్నదా?"

"మేబెల్, ఊరుకో" అన్నాడు ప్రభుదాస్.

"నేను అడుగుతున్నా, అంతే."

దేవానందం కంచం ముందు నుంచి లేచాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎదురు చెప్పని మనిషి ఇష్టం గురించి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అడుగుతోంది. చెప్పిందా అంటే చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? ఇష్టం లేకపోతే కదా చెప్పేది. అట్లా అనుకుని పడుకున్నాడు. మర్నాడు లేచేసరికి ఆ ప్రశ్న అక్కడే ఉంది. రెండు రోజుల తరవాత కూడా ఉంది.

కాంతమణి పోయి ఏడాది నిండుతోంది. జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. ఇంటికి పాస్టరుగారు వస్తారు, సంఘం వాళ్ళు వస్తారు, పాటలు పాడతారు, చనిపోయిన మనిషి గురించి తెలిసినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు, ప్రార్థన చేసి భోజనాలు పెడతారు. దేవానందానికి దారి దొరికింది. అందరి ముందూ చెప్పిస్తే సరి. కాంతమణి ఎట్లాంటిదో నలుగురి నోటా వింటే అప్పుడు ఆ పిల్ల ఏమంటుందో చూడవచ్చు.

సంఘం వాళ్ళకు కాంతమణి పాటలు తెలుసు, కోడికూర తెలుసు. ఆమె ఇల్లు నడిపిన తీరు దగ్గరగా చూసింది ఒక్క అనసూయమ్మే. ఆమె అబద్ధం చెప్పదని వీధంతా అంటుంది. మొన్న గేటు దగ్గర అన్న మాట మింగి, దేవానందం రోడ్డు దాటాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ ఇంటి మెట్టెక్కడం అదే మొదలు.

"ఏందన్నా, తొవ్వ తప్పినవా?" అంది అనసూయమ్మ. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చాట పక్కకు పెట్టలేదు.

"ఆదివారం సాయంత్రం కాంతమణి కూడిక. మీరు రావాలి."

"పిలువకపోయినా వస్తుంటి. కూసో. మంచినీళ్ళు తాగుతవా?"

"వద్దమ్మా." ఆ వీధిలో అతను ఎవరింట్లోనూ మంచినీళ్ళు తాగలేదు. "మీరు అక్కడ లేచి నాలుగు మాటలు చెప్పాలి."

"నేనా! మీ పాటలు గిట్ల నాకేమొస్తయ్?"

"పాటలు కాదు. ఆమె గురించి. నీళ్ళ విషయంలో ఆమె ఎట్లా ఉండేదో మీకు తెలుసు కదా. అది చెప్పండి. మా కోడలు వినాలి."

అనసూయమ్మ చేతిలో రాయి ఆగింది. దాన్ని తీసి వాకిట్లోకి విసిరింది.

"నీళ్ళ సంగతా? నాకు తెల్సినంత నీకు సుత తెల్వదు అన్నా."

"అందుకే అడుగుతున్నా."

"సోచాయించుకో, మంచిగ ఆలోచన చెయ్యి. నాకు తిప్పి మాట్లాడుడు రాదు. ఉన్నది ఉన్నట్టే చెప్త."

"ఉన్నది ఉన్నట్టే కావాలి" అన్నాడు దేవానందం.

ఆదివారం నాలుగింటికి వాకిట్లో షామియానా వేశారు. అద్దె కుర్చీలు ముప్ఫై తెప్పించారు. గోడకు ఆనించి బల్ల మీద కాంతమణి ఫొటో పెట్టి మల్లెదండ వేశారు. మేబెల్ పొద్దున్నించీ వంటింట్లోనే ఉంది. ఆ రోజు ఎన్ని నీళ్ళు వాడిందో దేవానందం చూడలేదు. ఆ ఒక్క రోజుకు వదిలేశాడు.

జకర్యా పాస్టరుగారు వాక్యం చదివి క్లుప్తంగా మాట్లాడారు. "సాక్ష్యాలు చెప్పేవాళ్ళు చెప్పండి. భోజనాలు చల్లారతాయి, అది కూడా మనసులో పెట్టుకోండి" అన్నారు. జనం నవ్వారు.

ముందు బుల్లబ్బాయి లేచాడు. అతనూ వర్క్‌షాపు ఫిట్టరే, దేవానందంతో పాతికేళ్ళు పనిచేశాడు. "మా వదిన కట్టిచ్చిన క్యారేజీ దేవానందం తిన్నది తక్కువ, నేను తిన్నది ఎక్కువ. ఇవాళ ఒప్పేసుకుంటున్నా. వాడు ఇంత ఎండిపోయి ఉండటానికి కారణం నేనే" అన్నాడు. మళ్ళీ నవ్వారు.

తరవాత దేవానందం లేచాడు. అతను నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడాడు. బకెట్టు సంగతి చెప్పాడు, గీత సంగతి చెప్పాడు. "మనిషికి ఎంత కావాలో ఆమెకు తెలుసు. అంత జుట్టుండేది. శనివారం నేను పని నుంచి వచ్చేసరికి కుంకుడుకాయ వాసన ఇల్లంతా ఉండేది. జుట్టు పట్టుకుచ్చులాగా ఉండేది. ఒక్క బకెట్టుతో. గీత దాకా. ఈ కాలం వాళ్ళు ట్యాంకు ఖాళీ చేసినా ఆ శుభ్రం రాదు" అన్నాడు. చెబుతూ మేబెల్ వైపే చూశాడు. ఆమె వంటింటి గుమ్మంలో, తల మీద కొంగు కప్పుకుని నిలబడి ఉంది. నేల చూస్తోంది. చూడనీ అనుకున్నాడు.

"ఎదురింటి అనసూయమ్మగారు కూడా చెబుతారు" అని కూర్చున్నాడు.

అనసూయమ్మ వెనక వరసలోంచి లేచింది. ముందుకు రమ్మంటే రాలేదు. కుర్చీ వీపు పట్టుకుని అక్కడే నిలబడింది.

"నాకు మీ లెక్క మాట్లాడరాదు. దేవానందమన్న వచ్చి, కాంతమణి నీళ్ళ సంగతి చెప్పు, ఉన్నదున్నట్టు చెప్పు అన్నడు. చెప్తున్న. తప్పైతె మాఫ్ చెయ్యున్రి.

"ఇరవై ఏండ్ల సంది శనివారం వచ్చిందంటె పన్నెండు కొట్టంగనే మా ఎనుక తలుపు చప్పుడయ్యేది. ఈమెనే. చంక కింద తువాల, చేతిల కుంకుడుకాయ రసం పోసిన చెంబు. అన్న వర్క్‌షాపుకు పోయేటోడు కద, సాయంత్రందాంక రాడు. మా బాయి కాడ తానం చేసేది.

"మొదటి రోజు నాకింక యాదికున్నది. బాయి కాడికి పోయింది, నిలబడ్డది. నిలబడే ఉన్నది. ఏందే అంటె, 'అక్కా, జెర మీరు తోడి పోస్తరా' అనడిగింది. నాకు సమజ్ కాలె. నేనెందుకు పోస్త, నీకు చేతుల్లేవా, తోడుకో అన్న. 'నేను తాడు ముట్టుకోవచ్చా అక్కా' అన్నది. తాడుకేమైతదే, పాతదే, తెగితె కొత్తది తెస్త అన్న."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. 

"గప్పుడు షురూ చేసింది చూడున్రి. ఒక బొక్కెన, రెండు, పది, ఇరవై. ఒక్కొక్కటి తోడుకొనుడు, నెత్తి మీద గుమ్మరించుకొనుడు, నవ్వుడు. చిన్నపోరి లెక్క. మా ఆయన బతికున్నప్పుడు లోపల్నుంచి 'ఏమే, మనింట్ల వాన పడ్తున్నదా' అని అడిగేటోడు. గంటసేపు పోసుకునేది. పాటలు సుత పాడేది, గీ మీ పాటలే. తానమయినంక మా అరుగు మీద ఎండల కూసొని ఎంటికలు ఆరబెట్టుకునేది. తడిచీర మా దండెం మీదనే ఆరేసి, పొడిచీర కట్టుకొని పోయేది. మూడు గంటలకల్ల ఇంట్లుండేది. గా జుట్టు ఒక్క బకెట్ల ఎట్ల తడుస్తదన్నా? నువ్వే చెప్పు."

ఈసారి ఆడవాళ్ళు నవ్వారు. ముందు ఇద్దరు, తరవాత చాలామంది. కొందరు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వారు. ప్రభుదాస్, తల్లి ఫొటో వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఎందుకే గింత చాటుమాటుగ, మొగనికి భయమా అన్న ఒకసారి. భయం కాదన్నది. 'ఆయన చిన్నప్పుడు నీళ్ళకు మస్తు గోస పడ్డడక్కా. ఆయన ముంగట నీళ్ళు గుమ్మరిస్తె ఆయన పానం కొట్టుకుంటది. నేను చూడలేను' అన్నది. గిదీ కాంతమణి నీళ్ళ సంగతి. మంచి మనిషి. గంతే."

ఆమె కూర్చుంది.  "దేవునికి స్తోత్రం" అన్నారు జకర్యా పాస్టరుగారు.  ముగింపు ప్రార్థన అందుకున్నారు.

దేవానందం కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన ఒక్క ముక్క వినపడలేదు. 'తోడి పోస్తారా' అన్న మాట ఒక్కటే వినపడుతోంది. అది అతని తల్లి మాట. ఆ మాట తన ఇంటి ఆడది అనకూడదని గోడలకన్నా ముందు సంపు తవ్వించాడు. కాంతమణి ఆ సంపు దాటుకుని, రోడ్డు దాటుకుని వెళ్ళి, ఆ మాటే అంది. పంపింది ఎవరు? ఆ ప్రశ్న అతను పూర్తిగా వేసుకోలేదు. సగంలో ఆపేశాడు.

భయపడి దాచి ఉంటే బాగుండేది. భయపడిన మనిషిని తిట్టుకోవచ్చు. ఆమె జాలిపడింది. ఇరవై ఏళ్ళు, వారం వారం, తలారా పోసుకుని వచ్చి, అతని ముందు గీత దాకా పట్టిన బకెట్టుతో సర్దుకున్నట్టు కనిపించి, జాలిపడింది. కుంకుడుకాయ వాసన పీల్చి అతను మురిసిపోతుంటే చూసి ఊరుకుంది.

భోజనాల దగ్గర బుల్లబ్బాయి విస్తరి పట్టుకుని పక్కకు చేరాడు. "ఏరా, నీ బకెట్టుకు గీత గీశావు గానీ వాళ్ళ బావికి గీయడం మర్చిపోయావా?" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. దేవానందం మొహం చూసి, "పప్పు బాగుంది" అని వెళ్ళిపోయాడు.

అనసూయమ్మ వెళ్ళేముందు అతని దగ్గరికి వచ్చింది.

"తప్పు మాట్లాడిన్నా అన్నా?"

"నా భార్య మీ బావి దగ్గర నిలబడిందా?"

"ఒక్కటే రోజు నిలబడ్డది. తర్వాత ఎన్నడు నిలబడలె. తన ఇంటి లెక్క వచ్చేది, పోయేది."

"మీరు నాకు ముందే చెప్పి ఉండాల్సింది."

"ఎన్నడన్న మా గడప తొక్కినవా నువ్వు, చెప్పెతందుకు? మొన్న వచ్చినవ్. ఉన్నదున్నట్టు చెప్పమన్నవ్. చెప్పిన." ఆమె గొంతులో కోపం లేదు. కొంగు సర్దుకుని రోడ్డు దాటింది.

జనం వెళ్ళిపోయారు. కుర్చీల వాడు వచ్చి కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపి బండిమీద వేసుకున్నాడు. వంటింట్లో మేబెల్ మిగిలిన కూర చిన్న గిన్నెలోకి తీస్తోంది. దేవానందం గుమ్మం దగ్గర ఆగాడు.

"నీకు తెలుసా?"

మేబెల్ తిరగలేదు. "తెలుసు మామయ్యా."

"ఎప్పటినుంచి?"

"పెళ్ళైన రెండో నెల నుంచి. నన్ను కూడా తీసుకెళ్ళింది. రెండుసార్లు."

"రెండుసార్లు" అన్నాడు దేవానందం.

"ఎండాకాలం. మీరు అప్పటికి రిటైరయ్యారు కదా, శనివారం పెన్షనర్ల మీటింగుకు వెళ్ళేవాళ్ళు. అత్తయ్య నా తల మీద తనే పోసింది."

 పెన్షనర్ల మీటింగు నిజానికి నెలకు ఒకటే. మిగతా శనివారాలు కూడా కాంతమణి ఏదో ఒక వంకతో అతన్ని బయటికి పంపేది. చక్కెర అయిపోయిందనేది. చెప్పు తెగింది కుట్టించుకు రమ్మనేది. ఒక శనివారం ఆ చెప్పుకు ఇంకో కుట్టు వేసేందుకు తావే లేదని చెప్పులు కుట్టేవాడు నవ్వి వెనక్కి పంపాడు.

"ఏడాదిగా నేను అన్నవన్నీ ఎందుకు పడ్డావు? మీ అత్త పేరు ఎత్తి ఎత్తి కొట్టాను. ఒక్క మాట అంటే అయిపోయేది."

"చెప్పొద్దంది. ఆయన తట్టుకోలేడమ్మా, ఏమన్నా పడి ఉండు అంది."

"నువ్వు చెప్పి ఉండాల్సింది."

"చెబితే నమ్మేవాళ్ళా?"

నమ్మేవాడు కాదు. పైగా చచ్చినదాని మీద నింద వేస్తావా అనేవాడు. అది ఇద్దరికీ తెలుసు. అయినా అతను, "చెప్పి ఉండాల్సింది" అని మళ్ళీ అన్నాడు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ, ఎదురింట్లో ఒకామె, ముగ్గురూ కలిసి తనని చిన్నపిల్లాడిని ఆడించినట్టు ఆడించారు. చనిపోయినదాన్ని క్షమించవచ్చునంటారు. అతనికి చేతకాలేదు. బతికున్నవాళ్ళ సంగతి సరేసరి.

ప్రభుదాస్ వాకిట్లోంచి లోపలికి వచ్చాడు. ఏడ్చినట్టున్నాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నాన్నా, అమ్మ అట్లా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. మన ఇంట్లో ఎందుకు..."

"ఆపు."

"అది కాదు నాన్నా, చిన్నప్పుడు మీ ఊళ్ళో ఏం జరిగింది? అమ్మకు చెప్పారు కదా. మాకూ చెప్పండి. మేము అప్పుడు..."

"ఆపమన్నానా?"

మేబెల్ చేతిలో గిన్నె కింద పెట్టి ఇటు తిరిగింది. ఇద్దరూ అతని మొహంలోకి చూస్తున్నారు. వాళ్ళ చూపులో ఉన్నది అతను గుర్తుపట్టాడు. కాంతమణి చూపులో అది ఇరవై ఏళ్ళు ఉంది. అప్పుడు గుర్తుపట్టలేదు.

"చెప్పాల్సిన మనిషి ముప్ఫై ఏళ్ళు పక్కన ఉండి చెప్పకుండా పోయింది" అన్నాడు దేవానందం. "మీరు అడగొద్దు. నేను చెప్పను. బావి సంగతీ, నీళ్ళ సంగతీ, మీ అమ్మ సంగతీ ఈ ఇంట్లో ఇవాళ్టితో సరి. నేను బతికుండగా మళ్ళీ నోరెత్తను."